రోలుగుంటదానికి ఇచ్చిన మాట

పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న వేళ, మా సంఘంలోని ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చర్చి పక్క సందులోకి తీసుకెళ్లింది. "ఆంటీ, మీకో మాట సెప్తాను, ఎవరికీ సెప్పనని ముందు మాటివ్వండి" అంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చెయ్యి చున్నీ కింద ఒక్కచోటే ఆగి ఉంది. ముప్పై మూడేళ్లు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసిన దాన్ని, ఆ చెయ్యి అక్కడెందుకు ఆగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. "సెప్పమ్మా వింటాను, కానీ మాట మాత్రం ఇవ్వను" అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. చివరికి గడ్డ సంగతి చెప్పింది. ఆ వారంలోనే వాళ్లాయన్ని వెంటబెట్టుకుని పరీక్షకి వెళ్లాం, ఉత్త కొవ్వుగడ్డ అన్నారు. కథ అక్కడికి సుఖంగా ముగిసింది. కానీ ఆ ఆదివారం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాను. అడిగిన మాట ఇవ్వనని అంత కరుగ్గా ఎలా అనగలిగానా అనుకున్నాను. ఒకసారి మాటిచ్చి తప్పిన మనిషికే అది చేతనవుతుంది.

చోడవరం హైస్కూల్లో మేం ముగ్గురం మూడో బెంచీ వాళ్లం. ఒకామె మాడుగుల నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఒకామెది రోలుగుంట, ఇక్కడే హాస్టల్లో ఉండేది. నేను ఊళ్లోనే పుట్టి పెరిగాను కనుక నన్ను 'లోకలు' అనేవారు, వాళ్లిద్దరూ మాడుగులది, రోలుగుంటది. పిలుపులు మొరటుగా వినిపిస్తాయి గానీ, యాభై ఏళ్లుగా మేం వాటినే వాడుతున్నాం, అసలు పేర్లు శుభలేఖల మీదే కనిపిస్తాయి. మాడుగులది హల్వా తెచ్చేది. దాని పొట్లం ఇంటర్వెల్ దాకా ఆగిన రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు. లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ముగ్గురి దవడలూ కదిలేవి, ఇటు తిరిగేసరికి ముగ్గురం బొమ్మల్లా ఉండేవాళ్లం. రోలుగుంటదానికి మాత్రం నవ్వు ఆగేది కాదు, దాని మూలంగా అందరం బెంచీ ఎక్కేవాళ్లం.

పదో తరగతి తర్వాత దారులు వేరయ్యాయి గానీ తెగిపోలేదు. ఇన్‌లాండు కవర్లు రాసుకున్నాం, పెళ్లిళ్లకి వెళ్లాం, తర్వాత ఫోన్లొచ్చాయి. మాడుగులదానికి తొలిచూలు బిడ్డ పుట్టి తొమ్మిదో రోజున పోయినప్పుడు రోలుగుంటది రెండు బస్సులు మారి వచ్చింది. దొడ్లో కూర్చుని ఆ పసిగుడ్డ బట్టలన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి, తల్లి కంట పడకుండా అటక మీద పెట్టింది. అది చూశాక, మా ముగ్గురిలో గట్టి మనిషి ఎవరన్నది నాకు తెలిసిపోయింది. రోలుగుంటదానికీ చాలా ఏళ్ల దాకా పిల్లల్లేరు. ఆఖరికి ఒక్క కూతురు పుట్టింది. మొగుడు చెరకూ వరీ పండించుకునే నెమ్మదైన మనిషి, పదిమందిలో ఉంటే గొంతే వినపడదు. ఆ కూతురు బాగా చదువుకుని బ్యాంకులో ఉద్యోగం తెచ్చుకుంది. ఏడేళ్ల కిందట దానికి నర్సీపట్నం వైపు సంబంధం కుదిరింది. కుర్రాడు ఇంజనీరు.

ఆ శుభలేఖలు పట్టుకునే రోలుగుంటది ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. మా ఆయన బజారుకి వెళ్లాడు. కార్డు నా చేతికిచ్చి, పసుపు రాసిన అంచులు చూపించి, ముహూర్తం గురించి, వంటవాళ్ల గురించి గలగలా మాట్లాడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున ఆగి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, "ఒసే లోకలూ, ఇదేటో సూడే" అంది. చూశాను. రొమ్ము పక్కన, చంక వైపు, చింతగింజంత కాదు, ఉసిరికాయంత గడ్డ, వేళ్లతో కదిపితే కదలని గడ్డ. "ఎన్నాళ్లయిందే?" అన్నాను. "వరి కోతలప్పుడు సూసేను" అంది. అంటే అప్పటికి మూడు నెలలు. మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా ఉండడం మా ఉద్యోగం నేర్పే మొదటి విద్య. ఆ రోజు ఆ విద్య నాకు అక్కరకు రాలేదు, నా మొహం చూసి అదే రవిక సర్దుకుంది.

మాడుగులదానికీ సంగతి చెప్పి, పెళ్లి చీరలకని ఇంట్లో వంక పెట్టి ముగ్గురం విశాఖపట్నం వెళ్లాం. స్కానింగు తీశారు, సూది పరీక్ష చేశారు. ఫలితం కోసం మళ్లీ వెళ్లాలి కనుక చీరల వంక రెండోసారీ పనికొచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, అది కేన్సరేనని, వారం పది రోజుల్లో ఆపరేషన్ చేయించుకోవాలని సూటిగా చెప్పింది. రోలుగుంటది శ్రద్ధగా విని, "నలబై రోజుల తరవాత వస్తానమ్మా, మా గుంట పెళ్లుంది" అంది, సంతలో బేరం తేలనట్టు. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను నేలకేసి చూశాను. చేతిలో సంచీ ఖాళీగా ఉండకూడదని వచ్చేటప్పుడు నిజంగానే రెండు చీరలు కొన్నాం. వాటి రంగులు ఇప్పుడు అడిగితే ముగ్గురిలో ఎవరమూ చెప్పలేం.

తిరుగు బస్సులో అది మా ఇద్దరి మధ్య కూర్చుంది. అనకాపల్లి దాటాక నోరు విప్పింది. "తల్లికి కేన్సరని తెలిస్తే ఈ పెళ్లి జరగదు. రక్తంలో వస్తాదంటారు, నా కూతురికీ వస్తాదంటారు. మీ ఇద్దరూ నోరిప్పనని నాకు ఒట్టెయ్యండి" అంది. మా పాస్టరుగారు ఒట్లు వెయ్యకూడదంటారే అని నసిగాను. "అయితే మీ పాస్టరు గారిని నా మీద సెయ్యెట్టమను, నీ బదులు" అంది. మాడుగులదానికి అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. అప్పుడు రోలుగుంటది నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. ఆ నూనె రాసిన జుట్టు వెచ్చగా తగిలింది. "సెప్పనే" అన్నాను.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలియాలి. డ్యూటీకి వెళ్లేదాన్ని, ఇంజక్షన్లు చేసేదాన్ని, మధ్యలో ఒక్కసారిగా ఆ గడ్డ నా వేళ్ల కిందకి వచ్చేది. సాయంత్రం రోలుగుంటది ఫోన్ చేసి పందిరి గురించి, మగపెళ్లి వారి విడిది గురించి చెప్పేది. "ఒంట్లో ఎలాగుందే" అంటే "ఏటీ లేదు, బాగున్నాను, ఫోన్‌లో అడక్కు" అని గొంతు తగ్గించేది. మాడుగులది రోజూ నాకు ఫోన్ చేసి ఏడ్చేది, ఏడ్చి, "మనం సెప్పకూడదే, ఒట్టేసేం" అని తనే పెట్టేసేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేశానని మా ఆయన అన్నాడు. కారణం అడిగితే వేడి చేసిందన్నాను. వేడి చేస్తే ఉప్పు ఎక్కువెందుకు పడుతుందని మళ్లీ అడిగాడు గానీ, నా మొహం చూసి మజ్జిగ పోసుకుని లేచిపోయాడు.

రిపోర్టొచ్చిన పన్నెండో రోజున రోలుగుంటలో పసుపు కొట్టారు. మేమిద్దరం వెళ్లాం. ముత్తయిదువలు పాటలు పాడుతున్నారు, కొత్త రోకళ్లకి పసుపుతాళ్లు కట్టి ఉన్నాయి. పెళ్లికూతురి తల్లిని ముందు దంచమన్నారు. అది కుడిచేత్తో రోకలి ఎత్తింది. సగం దాకా లేచి చెయ్యి ఆగిపోయింది. క్షణంలో రోకలి ఎడమచేతిలోకి మార్చుకుని, నవ్వుతూ ఆడపడుచుకి అందించేసి, "నా వంతు కూడా నువ్వే దంచు వదినా, నీ కండలు ఊరికే పోతన్నాయి" అంది. అందరూ నవ్వారు. నేను దాని పై పెదవి మీద పట్టిన చెమట చూశాను. మాడుగులది కూడా చూసింది. పెళ్లికి ఇంకా ఇరవై ఎనిమిది రోజులున్నాయి.

మర్నాడు దాని కూతురు రవికలు కుట్టించుకోవడానికి చోడవరం వచ్చింది. నేను టైలరు దుకాణానికి వెళ్లాను. టేపుతో కొలతలు తీసుకుంటున్నంతసేపూ గుమ్మంలో నిలబడ్డాను, అప్పటికింకా వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. ఆ పిల్ల బయటికొచ్చి, "ఏటాంటీ, మీరూ కుట్టించుకుంటన్నారా?" అని నవ్వింది. మెయిన్ రోడ్డు పక్కన, చెరకు లారీల మోత మధ్య, తల్లి ఏ మాట దాచమందో ఆ మాట కూతురికి చెప్పేశాను. అది ఏడవలేదు. మొహం రాయిలా అయిపోయింది.

"ఎన్నాళ్లయింది ఆంటీ?"

"రిపోర్టొచ్చి పదమూడు రోజులమ్మా."

"పదమూడు రోజులూ మీకు తెలుసా? నర్సు కదా మీరు!"

ఆ పిల్ల అక్కడే, ఆ ఎండలోనే, పెళ్లికొడుక్కి ఫోన్ చేసి దాపరికం లేకుండా చెప్పింది, పెళ్లి వాయిదా వేద్దామంది. అవతలి మాటలు నాకు వినిపించలేదు. ఫోన్ కిందకి దించి, "వాళ్లమ్మగారిని అడిగి సెప్తాడట" అని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. రెండు గంటల తర్వాత రోలుగుంట నుంచి నాకు ఫోన్ వచ్చింది. "నా తల మీద సెయ్యెట్టేవు కదే" అంది, అంతే. పెట్టేసింది.

నాలుగో రోజున ఆపరేషన్. నేను సెలవు పెట్టి వెళ్లాను. వార్డు బయట దాని మొగుడు ఎదురొచ్చి చేతులు జోడించాడు. "ఆవిడ మిమ్మల్ని సూడనంటంది. ఏటీ అనుకోకండి అక్కా" అన్నాడు, ఆ మాట అనడానికి ఆయన పడిన అవస్థ ఇప్పటికీ కళ్లలో ఉంది. కింద మందుల షాపు పక్కన మెట్ల మీద కూర్చున్నాను. మాడుగులది ఆ మోకాళ్ల నొప్పులతో పైకీ కిందకీ తిరుగుతూ, తీసుకెళ్లేరే, ఇంకా తలుపులు తియ్యలేదే, అని చెప్పిపోయేది. ఒకసారి వచ్చి నా ఒళ్లో హల్వా పొట్లం పడేసి వెళ్లింది, అలాంటప్పుడు ఎవరైనా తింటారా అని కూడా తోచలేదు దానికి. నేను తిన్నాను. అయిదు గంటలు గడిచాక, అయిందే, బతికుందే అని మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. సాయంత్రం డాక్టరమ్మ కనిపిస్తే, పెళ్లి దాకా ఆగి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "అది ఎవరూ చెప్పలేరు సిస్టర్" అంది. చంకలో రెండు మూడు గ్రంథులకి అప్పటికే పాకిందట. ఆ నలభై రోజులు దాని ప్రాణం తీసేవో, ఏమీ చేసేవి కావో, నాకు ఎప్పటికీ తెలియదు.

తెలిసింది ఒక్కటే. మగపెళ్లివారు ఆసుపత్రికి యాపిల్ పళ్లతో వచ్చి మర్యాదగా మాట్లాడి వెళ్లారు. నెల తిరక్కుండా మధ్యవర్తి చేత వద్దనిపించారు. రోలుగుంటది భయపడినదంతా అక్షరాలా జరిగింది, నా నోటి మూలంగా జరిగింది.

రెండేళ్లు నాతో మాట్లాడలేదు. మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులోంచి మాత్రం వెళ్లిపోలేదు. నేను క్రిస్మస్ శుభాకాంక్షలు పెడితే మాడుగులదొక్కతే రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేది, కాసేపాగి ఇంకొకటి పెట్టేది, రెండోదానిది కూడా తనే పెడుతున్నట్టు. కీమో రోజుల్లో ఏం తినాలో, ఏ జ్వరానికి ఆసుపత్రికి పరిగెత్తాలో నేను మాడుగులదానికి చెప్తే, అది తన సొంత తెలివిలా అక్కడ చెప్పేది. "నువ్వు ఎప్పుడు నర్సువయ్యేవే?" అని ఒకసారి అడిగిందట రోలుగుంటది. అడిగింది గానీ, చెప్పిందల్లా చేసింది.

తర్వాత మా ఆయన పోయాడు. ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దం ముందే ఒరిగిపోయాడు. సగం గడ్డం నురగ అలాగే ఉంది, అది నేనే తుడిచాను. మధ్యాహ్నానికి ఇల్లంతా జనం. వాళ్ల మధ్యలోంచి, కీమో తర్వాత ఉంగరాలు తిరిగి మొలిచిన పొట్టి జుట్టుతో ఒక మనిషి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎవరో పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది. "నీ మీద కోపం పోలేదు" అంది నా చెవి దగ్గర. "రాకుండా ఉండలేక వచ్చేను." తొమ్మిది రోజులు ఉంది. ఎడమచేత్తో వంట చేసింది, వచ్చినవాళ్లకి కాఫీలు ఇచ్చింది, ఆయన చొక్కాలు మడతపెట్టి నా కంట పడకుండా సర్దింది. అయిదో రోజున నేను ఉప్పు లేని కూర తింటూ ఏమీ అనకపోతే నన్ను తిట్టింది. రెండేళ్ల తర్వాత అది నన్ను తిట్టిన మొదటి తిట్టు. అప్పుడు ఏడ్చాను, అప్పటిదాకా ఏడవనిదంతా కలిపి.

మరుసటి ఏడు దాని కూతురు తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంది. తల్లి జబ్బు సంగతి మొదటిరోజే ఆ అబ్బాయికి చెప్పిందట. రోలుగుంటది శుభలేఖ పట్టుకుని స్వయంగా వచ్చింది. "ఈసారి నువ్వెవరికీ ఏటీ సెప్పాల్సిన పన్లేదు. తిని, అక్షింతలేసి వెళ్లు" అంది. అలాగే చేశాను.

ఇప్పుడు ఆరునెలలకొకసారి దాని చెకప్‌కి ముగ్గురం కలిసి విశాఖపట్నం వెళ్తాం. రిపోర్టు చేతికొచ్చేదాకా ఒకే బెంచీ మీద ముగ్గురం ఆనుకుని కూర్చుంటాం. వచ్చాక బస్సులో ఊరికే నవ్వుకుంటాం. ఆ నవ్వుల మధ్యలో ఒక్కోసారి దానికి పాత కోపం లేస్తుంది. "ఆ రోజు నువ్వు సెప్పకపోయుంటే..." అని మొదలుపెట్టి, కిటికీకేసి తిరిగిపోతుంది. ఆ మాట ఎలా పూర్తవుతుందో దానికీ తెలియదు, నాకూ తెలియదు. నేను తప్పు చేశానో ఒప్పు చేశానో తేల్చేసుకుందామన్న తొందర మొదట్లో ఉండేది, ఇప్పుడు లేదు. మాటలు కలిసినప్పటి నుంచీ ఆ ఒక్క మాట మీద పోట్లాడుకుంటూనే ఉన్నాం, ఇంకా ఎన్నేళ్లు పోట్లాడుకోనిస్తుందో కాలం, అన్నేళ్లూ నాకు కావాలి.