మావగారు విన్న మరమనిషి

మొన్న ఆదివారం మధ్యాహ్నం వరండాలో కూర్చుని పూజకు వత్తులు చేసుకుంటూ ఉంటే, మా అమ్మాయి వెనకనుంచి వచ్చి నా చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఒకటి దోపింది. "ఒక్క నిమిషం కళ్ళు మూసుకో అమ్మా" అంది. మూసుకున్నాను. ఎవరో ఒకావిడ, మెత్తని గొంతు, శుభ్రమైన తెలుగు, నాకు సినిమా చెప్పడం మొదలుపెట్టింది. గదిలో ఎవరూ లేరట. కిటికీ తెర కదులుతోందట. ఎర్ర చీర కట్టుకున్న ముసలావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చిందట. మా అమ్మాయితో కాలేజీలో చదువుకునే ఒక పిల్లకు చూపు లేదు. వచ్చే వారం ఇద్దరూ సినిమాకు వెళ్ళాలని, ఆ పిల్ల కోసం ఫోనులో ఇది పెట్టి ముందుగా నామీద పరీక్ష చేస్తోంది. "చెప్పేది మనిషి కాదమ్మా, కంప్యూటరే బొమ్మ చూసి చెప్పేస్తుంది" అని గొప్పగా అంది. నేను కళ్ళు తెరవలేదు. ఆ గొంతు ఒక వాక్యం ముగించి ఇంకో వాక్యం ఎత్తుకునేచోట ఏదో వినాలని నా చెవి కాచుకుని ఉంది. దేనికోసమో నాకే కాసేపటికి గానీ తెలియలేదు. ఊపిరి కోసం. అలా వినడం నాకు నేర్పింది మా మావగారు.

మా మావగారు అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. ఆయన పనల్లా చూడడమే. రైతులు తెచ్చిన బెల్లం దిమ్మల్ని వరసగా పేరిస్తే, చేతులు వెనక్కి కట్టుకుని ఆ వరస పక్కనే నడిచి, ఏది ఏ రకమో చెప్పేవారు. ముట్టుకునేవారు కాదు, వాసన చూసేవారు కాదు. రంగు చూసి, ఏ పొలం చెరకో కూడా చెప్పేవారని వీధిలో అనుకునేవారు. మిగిలిన చూపు అంతా సినిమాకి. శుక్రవారం కొత్త బొమ్మ పడితే ఆ వేళ మార్నింగ్ షోలో ఆయన ఉండాల్సిందే. "కళ్ళున్నన్నాళ్ళూ ఒక్క సినిమాకైనా నన్ను తీసుకెల్లేడా?" అని మా అత్తగారు అడుగుతూ ఉండేది. తీసుకెళ్ళకపోవడానికి కారణం ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడుతుందని. అది ఆవిడకూ తెలుసు. అలాంటి మనిషికి కళ్ళలో నీటికాసుల జబ్బు వచ్చింది. విశాఖపట్నం డాక్టర్లు పోయిన చూపు రాదన్నారు. మొదట మార్కెట్టు మానేశారు. తర్వాత సినిమా. తర్వాత వీధి గుమ్మంలో కూర్చోవడం. చివరికి మాట కూడా. నడిమి గదిలో నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. టీవీ పెడితే తీసెయ్యమనేవారు. అలా రెండేళ్ళు, ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు.

నా సంగతి చెప్పాలంటే, నాకు సినిమాలతో పరిచయమే లేదు. మాది కె. కోటపాడు వైపు పల్లె. చిన్నప్పుడు జ్వరం వచ్చి కాలు సన్నబడిపోతే, బడి దూరమని మా నాన్న ఇంట్లోనే పలక చేతికిచ్చి చదువు చెప్పాడు. మా ఇంట్లో టీవీ ఉండేది కాదు. పురాణాలు ఉండేవి. సాయంత్రం అమ్మకీ, చుట్టుపక్కల ఆడవాళ్ళకీ నేను చదివి విడమరిచి చెప్పేదాన్ని. నాకు వచ్చిన విద్య అదొక్కటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళకు అర్థమయ్యేలా కథ చెప్పడం. అది ఎందుకు పనికొస్తుందని అప్పట్లో చాలామంది మా నాన్నను అడిగారు. భగవంతుడు ఇచ్చినప్పుడు దేనికిస్తున్నాడో చెప్పి ఇవ్వడు కదా.

ఒక పొద్దున్న మా వీధిలో సినిమా ఆటో మైకులో అరుచుకుంటూ వెళ్ళింది. డబ్బింగు సినిమా. మన ఇంట్లో తిరిగే మనిషి మనిషేనా, మరమనిషా, కనుక్కోండి చూద్దాం అని ఆ అరుపు. మంచం మీద కదలిక వినబడింది.

"ఏటమ్మా ఆ బండి అరిసింది?" అన్నారు మా మావగారు.

వారం రోజుల్లో ఆయన తనంతట తాను అడిగిన మొదటి మాట అది. నేను ఉన్నది చెప్పి, గుండె చిక్కబట్టుకుని, "వెళ్దామా మావయ్యా? నేను పక్కన కూర్చుని చెప్తాను" అన్నాను.

మా అత్తగారు వంటింట్లోంచి విననే విన్నది. "ఓలమ్మా! ఈ పిల్ల సినిమా సెప్తాదంట. ఇంటర్వెల్ గంట కొడితే హారతనుకుని లేచి దండం పెడతాది."

ఆయన నవ్వలేదు. మర్నాడు అన్నం తింటూ తేల్చేశారు. "ఒక్క సినిమా. కథ తెలిసిందా, సరే. తెలకపోతే మరి నన్ను గడప దాటమని ఎవరూ అడక్కండి. నాను పోయేదాకా అడక్కండి." ఆయన ఒట్లు వేసే మనిషి కాదు, కాబట్టి అది ఒట్టుకంటే గట్టిది. ఆ సాయంత్రం నూకాలమ్మ తల్లికి దీపం పెట్టి, అమ్మా, నాకు సినిమా తెలియదు, నా నోట నువ్వే పలుకు అని మొక్కుకున్నాను. మరమనిషి కథను అమ్మవారు ఎలా పలుకుతుందన్న అనుమానం నాకు అప్పుడు రాలేదు.

మ్యాట్నీకి వెళ్ళాం. మా అత్తగారు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు సంచిలో పెట్టి ఇచ్చింది గానీ, రానంది. హాల్లో అట్టే జనం లేరు. మావగారు కుర్చీ చేతుల్ని తడిమి తడిమి కూర్చున్నారు. బొమ్మ మొదలైంది. సముద్రం ఒడ్డున పెద్ద మేడ. ఒక సైంటిస్టు, ఆయన భార్య, ఇద్దరు కూతుళ్ళు. ఆ ఇద్దరిలో ఒకతె మనిషి కాదు, తండ్రి చేసిన యంత్రం. ఎవరన్నది తల్లికి కూడా తెలియదు. నేను నాకు తెలిసిన పద్ధతిలో ఎత్తుకున్నాను. "అప్పుడా తల్లి కొంగుతో కన్నీరు తుడుచుకుని, మిక్కిలి దుఃఖంతో..."

"ఏడుపు నాకినపడతంది కదమ్మా" అన్నారు మావగారు మెల్లగా. "మాటలు నేని సోటే సెప్పు. ఎవరెటు నిలబడ్డారో సెప్పు. అది సాలు."

అప్పుడు నాకు పని తెలిసింది. తెర నల్లబడిందని కంగారుగా చెప్తే, "మల్లీ తెల్లగా వచ్చిందా? అయితే రోజు మారింది" అన్నారు. గోడ పసుపుపచ్చ అని చెప్తే, "పసుపంటే? కొత్త బెల్లమా, వానాకాలం సూసిన బెల్లమా?" అన్నారు. కొత్తబెల్లం అన్నాను. తృప్తిగా తలాడించారు. వెనక వరసలో ఒకాయన, కశింకోట నుంచి వచ్చిన రైతట, ఊరుకోలేకపోయాడు. "ఏటి మామా, పురాణం సెప్పించుకుంతన్నావా? మాకు కూడా పెసాదం పెడతారేటి?" నేను సిగ్గుపడి చెప్పడం ఆపేశాను. మావగారు సంచిలోంచి గుప్పెడు శనక్కాయలు తీసి, భుజం మీదుగా వెనక్కి చాచారు. "ఇంద పెసాదం. నోరు నిండా ఏస్కో." ఆయన నవ్వి తీసుకున్నాడు.

ఇంటర్వెల్‌కి ఇంకా చాలా ఉందనగా మావగారు నా చెవి దగ్గరికి వంగారు. "పెద్ద కూతురు మనిసి కాదమ్మా."

"ఎలా తెలిసింది?"

"సిన్నది మాటాడేముందు ఊపిరి తీస్తంది. తల్లి తీస్తంది. ఆ సైంటిస్టోడైతే దమ్ము రోగిలాగ తీస్తన్నాడు. పెద్దదాని మాటకి ముందర ఏటీ నేదు. కుళాయి తిప్పినట్టొత్తంది."

నేను కళ్ళు మూసుకుని విన్నాను. నిజమే. తెలుగులో ఆ గొంతు ఇచ్చిన ఆవిడ ఎవరోగానీ, ఎంత జాగ్రత్తగా చేసిందో! హాల్లో కళ్ళున్నవాళ్ళమంతా చిన్నమ్మాయి బిగుసుకుని నడుస్తోందని ఆమెనే అనుమానిస్తున్నాం. ఇంటర్వెల్ పడేముందు పెద్దమ్మాయి చెయ్యి దీపం మంటలో పెట్టి తీసింది, కమల్లేదు. వెనకాయన ఈల వేశాడు. మావగారు మోకాలి మీద ఒక్కసారి చరుచుకున్నారు. రెండేళ్ళ తర్వాత ఆయన ముఖంలో ఆ రంగు చూశాను. నాకు అది చాలుననిపించింది. ఇంటికి వెళ్ళిపోయినా ఫరవాలేదనిపించింది. కానీ ఆయన లెక్క ఇంకా తేలలేదు. "ఇది ఊహ. కథ తెలియడం యేరు" అన్నారు.

అసలు కథ చివర్లో ఉంది. తల్లికి నిజం తెలిసిపోయింది. తను కన్న పెద్ద కూతురు ఎప్పుడో చనిపోయింది, ఇది దాని రూపంలో చేసిన బొమ్మ. దాన్ని ఆపేసే తాళంచెవి ఆవిడ చేతికే ఇచ్చారు. ఆవిడ మెట్లు ఎక్కుతోంది. నేను "తాళం కొంగులో..." అంటూ ఉండగా తెర మీద బొమ్మ పోయింది. పైన ఆపరేటర్ గదిలో ఏమైందో, ప్రొజెక్టర్ దీపం పోయింది. ఆశ్చర్యం ఏమిటంటే మాట పోలేదు. చిమ్మచీకట్లో సినిమా నడుస్తూనే ఉంది. హాలంతా ఈలలు, కుర్చీలు దబదబా కొట్టడం, సెల్‌ఫోన్ లైట్లు. నేను చెప్పాలంటే నాకు కనబడాలి కదా. నూకాలమ్మ తల్లీ, సరిగ్గా ఇక్కడే ఆపావా అనుకున్నాను.

మావగారు లేచి నిలబడ్డారు. "సప్పుడాపండర్రా! కథ నడుస్తంది!"

"నీకు కనపడతందేటి మామా?" అన్నాడు వెనకాయన, వెక్కిరింతగానే.

"నాకు రెండేల్లనుంచీ ఇలాగే కనపడతంది. కూకో. నాను సెప్తాను, ఇను."

ఎందుకో హాలు అణిగింది. మావగారు చెప్పడం మొదలుపెట్టారు, నాకు చెప్పిన పద్ధతిలోనే, మాటలు లేనిచోటే. "సముద్రం దగ్గిరైంది. మేడ మీద తలుపు తీసేరు. ఒక జత సెప్పులు ఈడ్సుకుంటన్నాయి, అది తల్లి. రెండోది అడుగు తీసి అడుగేస్తంది, అది బొమ్మ. ఆగేరు. తాళంసెవి తీసింది. సేతులొణుకుతున్నాయి, సప్పుడు సూడండి. ఇద్దరూ ఎదురెదురుగా కూకున్నారు." ఎక్కడో ఒక చంటిపిల్ల కూడా ఊరుకుంది. అప్పుడు ఆ పెద్దమ్మాయి గొంతు వచ్చింది, "అమ్మా, నేను వెళ్ళిపోనా?" అని. మావగారి చెయ్యి నా భుజం మీద పడింది. "ఇన్నావా? తీసింది. ఊపిరి తీసింది!" అని కేకేసి అన్నారు. నేను విన్నాను. ఆ మాటకు ముందు, చాలా చిన్నగా, ఎవరో ఏడుపు ఆపుకుంటూ తీసినట్టు. తర్వాత తాళంచెవి నేలమీద పడ్డ చప్పుడు. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

బొమ్మ తిరిగి వచ్చేసరికి తల్లీ ఆ అమ్మాయీ ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. వెనకాయన నిక్కి చూసి, "ఒక్కటే తప్పింది మామా, కూకోనేదు, నిలబడే ఉన్నారు" అన్నాడు. గొంతులో వెక్కిరింత లేదు. హాలు బయటికి వచ్చేటప్పుడు, నా నడక నెమ్మదని చూసి, మావగారి రెండో చెయ్యి ఆయనే పట్టుకున్నాడు.

షేరాటోలో నాకొక సందేహం వచ్చింది. అన్నీ విడమరిచి చూసుకునే బుద్ధి కదా. "మావయ్యా, ఆ ఊపిరి కథలో ఉన్నదో లేదో. బొమ్మకి ప్రాణం వచ్చినట్టు తర్వాత ఎవరూ చెప్పలేదు. ఆ గొంతు ఇచ్చినావిడ చదివి చదివి అలిసిపోయి, పొరపాటున తీసిందేమో" అన్నాను.

అయ్యో, ఎందుకన్నానా అని నేను నలిగిపోతున్నాను. మా వీధి మలుపు తిరిగాక ఆయన అన్నారు. "అలిసిపోయిందంటే ఇంకేటమ్మా కావాలి? అలిసిపోయినోల్లే కదా మనుసులు." గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉంది. "ఏటి, ఏటైనా తెలిసిందా?" అని నన్నడిగింది, ఆయన్ని అడగడానికి భయపడి. మావగారు చేత్తో గడప వెతుక్కుని, దాటి, లోపలికి వచ్చి, "వచ్చే సుక్కురారం ఏ బొమ్మంట?" అన్నారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏడేళ్ళు, శుక్రవారాలు మావి. కశింకోట రైతు ఆయన్ని మామా అనడం మాని బావా అనడం మొదలుపెట్టాడు. శనక్కాయలు ఆయనే తెచ్చేవాడు. రెండు మూడుసార్లు మా అత్తగారు కూడా వచ్చి, మావగారు ఏమి భయపడ్డారో అదే చేసింది, సినిమా అంతా మాట్లాడింది. ఆయనకు చెప్పీ చెప్పీ నేను కూడా మాటలు పొదుపుగా వాడడం నేర్చుకున్నాను. ఆయన పోయేముందు వారం కూడా, ఒంట్లో ఓపిక లేకపోయినా, సుక్కురారానికి ఎన్నాళ్ళుందమ్మా అని అడిగారు.

"మళ్ళీ మొదట్నుంచి పెట్టు" అన్నాను మా అమ్మాయితో. గదిలో ఎవరూ లేరు. కిటికీ తెర కదులుతోంది. ఈసారి దొరికింది. ముసలావిడ తలుపు తోసేముందు, ఆ గొంతు చిన్న ఊపిరి తీసింది. "ఇప్పుడు అవి కూడా పెడుతున్నారమ్మా, మనుషుల గొంతులు విని నేర్చుకుంటాయి" అంది మా అమ్మాయి, ఇందులో ఏముందన్నట్టు. ఎవరి గొంతో, ఎక్కడ కూర్చుని చదివిందో, ఎంత అలిసిందో. ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను. కొత్త సినిమా కోసం వచ్చే శుక్రవారం దాకా ఆగాలని, ఆ చూపులేని పిల్ల అప్పుడే విసుక్కుంటోందట. విని నాకు నవ్వొచ్చింది. కాలం గడిచిపోతోందని అందరం అంటూ ఉంటాం గానీ, మా మావగారికి మాత్రం అది వారం వారం ఎదురొచ్చేది, శుక్రవారమని పేరు పెట్టుకుని.