ఏ భాషకూ పలకని పుంజు

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో అందరం కూర్చుని టీవీలో ఒక హిందీ సినిమా చూశాం. అందులో ఎప్పుడూ అందరి మీదా అరిచే తండ్రి ఒకరోజు ఉన్నట్టుండి కోడిపుంజైపోతాడు. భార్యాపిల్లలు అతన్ని కూరగాయల సంచిలో పెట్టుకుని ఆఫీసుకీ, పెళ్ళికీ తిప్పుతారు. మా అత్తకి హిందీ అంతంతమాత్రమే అయినా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి మాత్రం నవ్వలేదు.

మర్నాడు విజయనగరం నుంచి ఆడపడుచు, ఆమె భర్త వస్తున్నారని మా ఆయన పొద్దున్నే సుపేలా సంతకి వెళ్ళి ఒక నాటుపుంజును తెచ్చారు. కాలికి తాడు కట్టి వాకిట్లో వదిలాం. అమ్మాయి ఆ తాడు పట్టుకుని కూర్చుంది. పాలు తాగలేదు, టిఫిన్ ముట్టలేదు.

“మమ్మీ, ఇది ఎవరి పప్పానో అయితే? కోసేశాక తెలిస్తే?”

మా ఆయన గద్దించబోతే నేను ఆపాను. బడిలో నేను చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా కుట్టుమిషన్ పని అయ్యాక గ్రంథాలయంలో కూర్చుని చదివిందే. మనుషులు చిలకలూ, జింకలూ, పాములూ అయిన కథలు తెలుగులోనూ హిందీలోనూ ఒక బీరువాకి సరిపడా చదివాను. వాటిలోంచి నేను తీసిన సూత్రం ఒకటుంది: రూపం మారినా మనిషి తన భాష మర్చిపోడు. అది చెవిన పడితే తల తిప్పుతాడు.

“అన్ని భాషల్లోనూ అడుగుదాం. పలక్కపోతే ఉత్త కోడే. అప్పుడు నువ్వు తాడు వదిలెయ్యాలి.”

“పక్కా,” అంది.

నేను హిందీలో అడిగాను. మా ఆయన ఛత్తీస్‌గఢీలో అడిగారు. పుంజు గింజలేరుకుంటూనే ఉంది.

“బెంగాలీ అయితే?” అంది అమ్మాయి.

ఉక్కు ప్లాంటులో పని కోసం దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళున్న మా క్యాంప్ 2 కాలనీలో ఆ ప్రశ్నని కొట్టిపారెయ్యలేం. పక్కింటి బెంగాలీ దీదీని పిలిచాను. ఆమె నవ్వాపుకుని పలకరించింది. డ్యూటీకి వెళ్తున్న ఒడియా భయ్యా సైకిలు ఆపి తన వంతు అడిగాడు. ఎదురింటి మలయాళీ నర్సు కూడా వచ్చింది. పుంజు ఎవరికీ తల తిప్పలేదు.

ఇక తెలుగు మిగిలింది. మసాలా నూరుతున్న అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చిన కొత్తవాళ్ళని ఏ ఊరో, ఎవరి మనుషులో అడిగినట్టే, అలవాటుగా వంగి అడిగేసింది.

“ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకా?”

పుంజు పలకలేదు. నా సూత్రం నెగ్గింది. అమ్మాయి పెదవి బిగించి, ఇచ్చిన మాట ప్రకారం తాడు వదిలేసింది. మా ఆయన కత్తి అందుకున్నారు.

“ఆగరా,” అంది అత్త. “ఊరడిగేశాను కదా. అడిగినాక ఎలగ కోస్తాం?”

“అది పలకనే లేదు కదమ్మా!”

“పలక్కపోతే ఏటి? మొదటిసారి మనింటికొచ్చినప్పుడు మీ బావ మాత్రం పలికాడేటి? కాఫీ ఇచ్చి కూకోబెట్టలేదా?”

మా ఆయన కత్తి పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని కూరకి గుడ్లు తేవడానికి వెళ్ళారు.

“అయితే నీ బుక్స్ తప్పా మమ్మీ?” అంది అమ్మాయి, పాలగ్లాసు అందుకుంటూ.

“బుక్స్ కరెక్టే. అది కోడే,” అన్నాను. “మీ మామ్మ అవి చదవలేదు, అంతే.”