టోటెమ్ పోల్‌లో మూడో తల

దెయ్యాలూ మహిమలూ నేను నమ్మను. తెనాలిలో కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పుట్టాను. గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టిన చేత్తోనే పాత బియ్యంలో కొత్త బియ్యం కలపడం చూస్తూ పెరిగినవాణ్ణి.

ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరికిన రోజుల్లో దేశం దాటి వెళ్లి, రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తూ చోవా చూ కాంగ్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నా భార్య వసంతకు అయిదో నెల. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. అందుకని ఇద్దరం ఆశపడుతున్నా పైకి అనుకునేవాళ్లం కాదు.

ఒక శనివారం ఉదయం ఆమెకు చేతుల కుర్చీ చూద్దామని టోవా పాయోలో పాత సామాన్ల కొట్టుకి వెళ్లాం. అక్కడ టోటెమ్ పోల్ కనిపించింది. ఇంజినీరింగ్‌లో 'టోటెమ్ పోల్ అవుట్‌పుట్' అనే సర్క్యూట్ బొమ్మ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఆ పేరు దేన్నుంచి వచ్చిందో అప్పుడే చూశాను. సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్లలాగే ఒకదాని మీద ఒకటి ఎక్కిన తలలు. నడుమెత్తు కొయ్య. పైన గద్ద, మధ్యలో ఎలుగుబంటి, అడుగున చిన్న కప్ప.

వసంత ఆ కప్పను నిమిరి, "ఇది మన బుజ్జిది" అంది. ఆ మాట తను పైకి అనడం అదే మొదటిసారి.

నేను బేరంలో పడ్డాను. జానలతో కొలిచాను, నాలుగు జానలు. గద్ద ముక్కుకి పగులుందన్నాను. బోణీ గిరాకీని ఉత్తచేతులతో పంపకూడదన్నాను.

కొట్టు యజమాని చైనీస్ అంకుల్, అక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ నవ్వాడు. "అంత తక్కువకైతే ఒక తల తీసేసి ఇస్తా లా."

"తీసెయ్యండి అంకుల్. కింది చిన్నది మాకెందుకు, రెండు చాలు."

ఎదుటివాడు బిగిస్తే 'అదీ వద్దు' అనేయడం మా కొట్ల అలవాటు. అంకుల్ నా ధరకే పేపర్లలో చుట్టి ఇచ్చాడు. ట్యాక్సీలో వసంత అటు తిరిగి కూర్చుంది.

ఇంటికొచ్చి పేపర్లు విప్పితే కప్ప లేదు. ఎలుగుబంటి కింద నున్నటి కొయ్య, పాత వార్నిష్‌తో. కోసిన గుర్తు లేదు. కొలిస్తే అవే నాలుగు జానలు. గద్ద ముక్కున అదే పగులు. వేరేది కట్టిచ్చాడనుకుందామంటే, పొట్లం కట్టేవాడి చేతుల మీంచి చూపు తిప్పడం మా వంశంలోనే లేదు. ట్యాక్సీలో అది నా ఒళ్లోనే ఉంది.

వసంత ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోండి" అంది.

మళ్లీ పేపర్లు చుట్టి ట్రైన్లో మోసుకెళ్లాను. అంకుల్ మొదట చెప్పిన ధర మారుమాట లేకుండా చేతిలో పెట్టి, "మూడూ కావాలి అంకుల్" అన్నాను.

ఆయన పొట్లం విప్పనైనా లేదు. "పొద్దున్నే చెప్పాల్సింది లా" అన్నాడు.

ఇంట్లో వసంతే విప్పింది. అడుగున కప్ప ఉంది, నోటి మూలల్లో పాత దుమ్ముతో సహా.

నాలుగు నెలలకి పాప పుట్టింది. నర్సు చేతికివ్వగానే నేను వేళ్లు లెక్కపెడుతుంటే, "ఇక్కడ కూడా సరుకు చూసుకోవాలా మీరు?" అని వసంత నవ్వింది.

మీరిద్దరూ కంగారులో సరిగ్గా చూసి ఉండరని స్నేహితులంటారు. కావచ్చు. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఆ మధ్యాహ్నం కప్ప ఎక్కడికి పోయిందో నాకు అంతుపట్టలేదు. అంకుల్‌ని అడుగుదామంటే ఆ కొట్టు గడప మళ్లీ తొక్కలేదు. తొక్కితే ఏదో ఒకటి బేరమాడతానని భయం.