ఐసు కరిగేలోగా

తిరువళ్ళూరులో ఆసుపత్రి బయట, చెరుకురసం బండి దగ్గరికి ఒకాయన గోనె చుట్టిన ఐసుగడ్డను ఈడ్చుకుంటూ పోతున్నాడు. తడిసిన గోనె, దానికి అంటిన ఊక, కాలిన తారు మీద చల్లటి నీళ్ళు పడి లేచిన ఆవిరి, అన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నాయన చెయ్యి పట్టుకుని అక్కడే ఆగిపోయాను. డాక్టరమ్మ మాటలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. మూత్రంలో రక్తం పడుతోందని నాయనను తీసుకుపోతే, లోపల గడ్డ ఉందని ముక్క తీసి పరీక్షకు పంపారు. బీడీ తాగుతావా అని అడిగి, లేదంటే, ఏం పని చేసేవాడివి పెద్దాయనా అని అడిగిందామె. నూలుకు సాయం వేసేవాణ్ణి అన్నాడు నాయన. మా పక్క రంగు అద్దడాన్ని సాయం అనే అంటారు. ఆమె కలం పక్కన పెట్టి, చేతులకు ఏమైనా తొడుక్కునేవాడివా అని అడిగింది. నాయన నవ్వాడు. అట్లాంటి రంగుల్లో ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకు కొందరికి ఎంతో కాలానికి గాని ఈ జబ్బు బయటపడదని, వారంలో పరీక్ష ఫలితం వస్తే తెలుస్తుందని చెప్పి పంపింది.

నాయన మాత్రం ఐసుగడ్డనే చూస్తున్నాడు. "ఊక సాల్లేదు మ్మా. అంగడికి పొయ్యేలోపల సగం కరిగిపోతాది," అన్నాడు.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు, తిండి సహించలేదు. ఫలితం రానంతవరకూ చేయగలిగింది ఏమీ లేక మనసు మా వీధికే పోయేది. తిరుత్తణికి బస్సులో కాసేపు దూరం, అంతా నేతగాళ్ళం, ఇంటింటా మగ్గం గుంట, పొద్దున లేస్తే మగ్గం పలకల చప్పుడే మాకు గడియారం. ఆషాఢం, మా ఆడి నెల, వస్తే ఈదురుగాలికి వీధంతా దుమ్ము, గంగమ్మకు పోసిన అంబలిని కుండల్లో తెచ్చి చిన్న ఉల్లిపాయలు నంజుకుంటూ అరుగుల మీద కూర్చుని తాగడం, సాయంకాలం గంజి పెట్టి వీధి పొడవునా సాచిన పడుగు కింద నుంచి తలకు దారం తగలకుండా దూరి పరిగెత్తే పిల్లలం, తగిలితే పెద్దవాళ్ళ తిట్లు. ఆ సందడిలో మా ఇల్లు కొంచెం వేరు. పెరట్లో నాయన సాయం కొట్టం ఉండేది, దాని ఘాటు వాసన మా బట్టలకూ, అన్నానికీ, ఆఖరికి మా అవ్వ దాచుకున్న వక్కాకు సంచికీ పట్టేది. నాయన చేతి వాసన ఎంత కడిగినా పోదని అవ్వే ఆయనకు ముద్దలు కలిపి పెట్టేది. పెళ్ళయి పిల్లలున్న మగాడు తల్లి చేతి ముద్దలు తింటాడని మేము ఎగతాళి చేస్తే, ఆయన ఇంకా పెద్దగా నోరు తెరిచేవాడు.

నాయనకు పేరు తెచ్చింది ఎరుపు. ఆ ఎరుపు డబ్బాలో దొరికేది కాదు, నూలు మీదే పుట్టాలి. ముందు నూలు కట్టలను, మేము చిలపలంటాం, వేడినీళ్ళల్లో కరిగించిన ఒక మందులో ముంచి పిండితే అవి పసుపుగా అయ్యేవి. తర్వాత బేసు అనే పొడికి యాసిడూ ఒక తెల్ల ఉప్పూ చేర్చి రెండో నీళ్ళు కలపాలి. పసుపు చిలప ఆ నీళ్ళల్లో పడీపడగానే, రెప్ప వేసేలోపల, కుంకుమలా ఎర్రగా తిరిగేది. కానీ ఆ రెండో నీళ్ళు చల్లగా ఉన్నంతసేపే బతికి ఉండేవి. కాస్త వెచ్చబడితే నురగ లేచి, గోధుమరంగుకు తిరిగి చచ్చిపోయేవి, అందులో ముంచిన నూలు ఉతికితే రంగు వదిలేసేది. అందుకే మార్గళి చలిలో నాయన పని చేస్తూ పాటలు పాడేవాడు, చిత్తిరైలో ఎండ ఎక్కేకొద్దీ ఆయనకు కోపమూ ఎక్కేది. ఐసు లేనిదే ఎరుపు లేదు, ఐసు తిరుత్తణిలో తప్ప దొరకదు.

ఆ ఐసు తెచ్చేది నేనూ, నాయన అక్క రత్తమ్మత్తా. తెల్లారి మొదటి బస్సుకు పోయి, ఐసు ఫ్యాక్టరీలో గడ్డ కొని, ఊకలో పొర్లించి, రెండు గోనెలు చుట్టి తిరుగు బస్సులో మా కాళ్ళ మధ్య పెట్టుకునేవాళ్ళం. దారి పొడవునా నా చూపు ఆ గోనె మీదే. బస్సు ఆగినప్పుడల్లా ఇంకెంత కరిగిందోనని గోనెను తడిమి చూసేదాన్ని. ఒక ఏడు, జనమంతా కావడులతో తిరుత్తణి కొండకు పోయే ఆడికృత్తిక పండగ ముందు మాత్రం ఆ దిగులు పట్టరానిదయింది. అంతకు కొద్ది రోజుల ముందు ఒక తొట్టి రంగు చెడిపోయి ఎరుపు కారిపోతే, నూలిచ్చే ముదలాళి ఇంకోసారి ఇట్లయితే నూలు వేరే ఊరికి పంపుతానన్నాడు. ఈసారి చిలపలు ఆవణి పెళ్ళిళ్ళ చీరల అంచులకు. నాయన తెల్లవారుజామునే చిలపలను పసుపు చేసి, వెలుతురు తగలకుండా కంబళి కప్పి పెట్టాడు. అవి కూడా ఎక్కువసేపు ఆగవు.

మా బస్సు కొండ దాటే దగ్గర ఆగిపోయింది. పసుపు బట్టల కావడులు, డప్పులు, నడవలేక చెట్ల కింద కూలబడిన ముసలివాళ్ళు, ఆ జనంలో బస్సు అంగుళం కదలలేదు. గోనె నుంచి నీళ్ళు సీట్ల కిందికి పారుతుంటే జనం కాళ్ళు పైకెత్తి మమ్మల్ని తిట్టారు. ఒకామె మాత్రం ఆ నీళ్ళే ముఖానికి రాసుకుని అబ్బా అంది. అత్త కొండకు దండం పెట్టింది, కండక్టరుకూ దండం పెట్టింది. చివరికి మా ఊళ్ళో దిగేటప్పుడు గోనె జారి కిందపడి గడ్డ ముక్కలైపోయింది. ముక్కలైన ఐసు మరీ త్వరగా కరుగుతుందని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పావడలో మూటగట్టుకుని, తొడలు మొద్దుబారిపోతుంటే పరిగెత్తాను.

"ఇంతేనా?" అన్నాడు నాయన.

"బండిని ఆడనే నిలబెట్టేసినారురా," అంది అత్త ఆయాసపడుతూ.

నాయన నా పావడలోని ముక్కలను దోసిళ్ళతో తీసి కొలుచుకున్నాడు. ఉన్న ఐసుతో పెద్ద తొట్టి కుదరదని, చిన్న పళ్ళేలలో కొంచెం కొంచెంగా కలుపుతానన్నాడు. ఐసు వేసే పని నాది, నురగ లేస్తే చెప్పే పని కూడా నాదే. కలపడానికి పక్కన కట్టె ఉంది. నాయన దాన్ని తీసి అవతల పారేసి మోచేతి దాకా చెయ్యి ముంచాడు. కట్టెతో కలపరాదా అని అత్త అడిగితే, "కట్టెకు సల్లదనం తెలస్తాదా అక్కా?" అన్నాడు.

ఆ రోజంతా ఆయన చెయ్యే మాకు ఉష్ణమాపకం. చెయ్యి కొంకర్లు పోతే నీళ్ళు బాగున్నట్టు, హాయిగా ఉంటే ప్రమాదం. నేను నీళ్ళ అంచునే చూశాను. చివరి పళ్ళేనికి ఐసు అయిపోయి సన్నగా బుడగలు లేచాయి, నేను కేక వేశాను, ఆయన రెండు చేతులతో చిలపలను తోసి, తిప్పి, పైకి లేపాడు. ఎర్రగా వచ్చాయి. సాయంకాలం ముదలాళి తడిగుడ్డతో రుద్ది చూసి, గుడ్డ తెల్లగానే ఉందని తల ఊపాడు. అవ్వ ఓళిగలు చేసింది, నాయన ఎర్రటి చేతులు ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచాడు, ఒక్కో ముద్దకూ మేమంతా నవ్వాం. పళ్ళేలలో ఇంకా చల్లగా మిగిలిన నీళ్ళల్లో అంతకుముందే నేనూ తమ్ముడూ పసుపు దారాలు ముంచి ఎర్రగా చేసి ముంజేతులకు కట్టుకున్నాం. అప్పుడు నా భయమంతా ఐసు గురించే. ఆ చెయ్యి గురించి ఒక్కసారి కూడా భయపడలేదు.

ఇప్పుడు నేను పూండి పక్క ఒక బళ్ళో ప్లస్ టూ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. చర్యావేగాల పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసేసి నాయన కొట్టం గురించే చెప్పేదాన్ని. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుందని నురగ లేచిన నీళ్ళతో, ముక్కలు చిన్నవైతే కరగడం త్వరపడుతుందని నా పావడలో ఐసుతో, మందు చిక్కగా ఉంటే రంగు ఎట్లా ఉరుకుతుందో తమ్ముడి దారాలతో. పిల్లలు నవ్వేవాళ్ళు, పరీక్షలో బాగా రాసేవాళ్ళు. రెప్పపాటులో అయిపోయే చర్య ఒకటి కళ్ళముందు జరుగుతుంటే, ముప్పై ఏళ్ళు పట్టే చర్య అదే పళ్ళెంలో, అదే చేతిలో మొదలవుతుందని నా పాఠంలో ఎప్పుడూ లేదు. ఈ ఏడు ఆ పాఠం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి ముగించాను.

ఫలితం చెడ్డదే అని వచ్చింది. గడ్డ తీసేశారు. మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు, కొన్ని నెలలకొకసారి లోపల చూస్తూనే ఉండాలి అన్నారు. నువ్వూ ఆ నీళ్ళల్లో ఆడుకున్నానంటివి కదా, జాగ్రత్తగా చూసుకో అని డాక్టరమ్మ నాతో అంది. ఇంటికి వచ్చి తమ్ముడికి ఫోను చేసి, వాడూ చూపించుకోవాలని ఎట్లా చెప్పాలో తెలియక, పిల్లలు బాగున్నారా అని అడిగి పెట్టేశాను.

మా వీధిలో ఇప్పుడు మగ్గం గుంటలు పూడ్చేశారు. ఉన్న రెండు మూడు పవర్‌లూమ్‌లకు రంగు నూలు కండెలకు చుట్టే అట్టపెట్టెల్లో వస్తుంది. కొట్టం కూలిపోయి దాని చోట తమ్ముడి బైకు నిలబెడతారు. ఐసు ఫ్యాక్టరీలో క్యాన్ నీళ్ళు నింపుతున్నారు. అవ్వా లేదు, రత్తమ్మత్తా లేదు. ఎర్రనీళ్ళు పారే కాలువ ఎక్కడుండేదో మా పిల్లలకు చూపిద్దామంటే నాకే గుర్తు పట్టడం కష్టమయింది.

నాయన నా దగ్గరే ఉంటున్నాడు. పొద్దున్నే మూత్రానికి పోయి, బాత్రూములో నీళ్ళు పోయకుండానే బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడతాడు. ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఒకప్పుడు రెండు చిలపల ఎరుపులో వెంట్రుకవాసి తేడా పట్టేసిన మనిషి.

"నువ్వొకసారి సూడు మ్మా. నా కండ్లకు ఎరుపు తెలీలేదు," అంటాడు.

నేను లోపలికి పోయి, లైటు వేసి, వంగి చూస్తాను. బయట ఆయన ఊపిరి వినపడుతూ ఉంటుంది.

"పసుపే నాయనా," అంటాను.