రెండు వేళ్ల ఎంబడి

మా పక్కింటి డాక్టరమ్మ పోయింది. పోయిన బేస్తవారం పొద్దున నేను నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీ గేటు కాడ టీ తాగుతాంటే ఆమె తమ్ముడు ఫోను చేసినాడు. "మామా, అక్క లేదు. మధ్యాన్నానికి కర్నూలు నుంచి తెస్తాండాము. మట్టి చేసేది మనూర్లోనే" అన్నాడు. సరే అని ఫోను పెట్టేసినా. గ్లాసులో సగం టీ ఉండాది. అది తాగినా. యాభై ఏండ్లు నిండని మనిషి పోయిందని విని కూడా టీ తాగేవాడు ఉంటాడా అంటే ఉంటాడు. నేనే.

తాగినాక గుర్తుకొచ్చింది. ఆదివారం ఆమె రావల్ల. నా పని సగంలో ఉండాది. ఆ సగం పని ఏందో చెప్తేనే ఆమె ఎవరో మీకు తెలుస్తాది. నాకు రాసే అలవాటు లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తాండా.

డాక్టరమ్మ అని నేననేది. ఆమె ఒప్పుకునేది కాదు. "మందు రాసే డాక్టరును కాదు మామా, మాట్లాడిచ్చేదాన్ని" అనేది. మాది బేతంచెర్ల. మా ఇంటికీ వాళ్లింటికీ నడమ ఒకటే గోడ. వాళ్ల నాయన లారీలకు నాపరాళ్లు ఎత్తించే మేస్త్రి. నేను గనిలో రాయి కొట్టి కొట్టి, తర్వాత పాలిషు మిషను మీదికి వచ్చినవాణ్ణి. వాళ్లింట్లో జనం ఎక్కువ, అందుకని ఆ బిడ్డ మా గడప మీద కూర్చోని చదువుకునేది. అట్లా చదివి కర్నూల్లో, మనసులో దెబ్బ తగిలినోళ్లను చూసే ఉద్యోగం తెచ్చుకుంది. ప్రతి ఆదివారం తల్లిని చూసేదానికి వచ్చి, ముందర గదిలో చాప ఏసి కూర్చునేది. చిన్నప్పుడు జరిగినదాంట్లోంచి ముసలితనం దాకా బయటికి రాలేనోళ్లు వచ్చేవాళ్లు. దుడ్లు తీసుకునేది కాదు.

ఆమె చేసేది ఏమంటే, మనిషి కండ్ల ముందర రెండు వేళ్లు పెట్టి ఈ పక్క నుంచి ఆ పక్కకు, ఆ పక్క నుంచి ఈ పక్కకు ఆడిస్తాది. తల కదలకూడదు. కండ్లు మాత్రం వేళ్ల ఎంబడి పోవల్ల. పోతానే, ఏది తలుచుకుంటే గుండె అదురుతాదో దాన్ని తలుచుకోవల్ల. అంతే. మీకు నవ్వొస్తే నవ్వండి, నేను మీకంటే ముందే నవ్వినా. ఒకసారి గోడ మీద నుంచి చూసి, "ఏమమ్మా, లారీ అద్దం తుడిచే పుల్ల మాదిరి ఊపుతాండావు, వానేమన్నా వస్తాండాదా" అన్నా.

"మనూర్లో వాన కోసరం కాచుకుంటే లారీ కదలదు మామా" అనింది.

నవ్వినవాణ్ణే ఆ చాప మీద కూర్చోవలసి వచ్చె.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండాది. నేను పని చేసే తావుకు ఎవరూ బువ్వ తేకూడదు. ఆకలైతే నేనే ఇంటికి వస్తా, లేదంటే పస్తుంటా. పెండ్లయిన మొదటి సంవత్సరం మా ఇంటామె తెలీక గని కాడికి సద్ది తెచ్చింది. పదిమంది కూలోళ్ల ముందర ఆమెను చెంప మీద కొట్టినా. ఎందుకు కొట్టినావని ఆమె అడగలే. నేను చెప్పలే. నలభై ఏండ్ల పైన అట్లే జరిగిపాయె.

పోయిన ఎండాకాలం సెలవులకు రాయచోటి నుంచి మా కూతురి బిడ్డ వచ్చింది. ఏడేండ్లది. దానికి ఈ కట్టడి సంగతి ఎవరూ చెప్పలే. మిషన్ల మోతలో నేను రాయి మీద వంగి ఉంటే ఎనక నుంచి వచ్చి "తాతా, బువ్వ తెచ్చినా" అనింది. చేతిలో క్యారేజీ. ఆ తర్వాత నాకు తెలిసింది ఒకటే, చెయ్యి లేసింది. తోసేసినా. బిడ్డ పోయి రాతి ముక్కల మీద పడింది. నుదుట మూడు కుట్లు పడె.

ఆసుపత్రి నుంచి వచ్చినాక మా ఇంటామె గుడ్డలు సంచిలో పెట్టుకుంటానే చెప్పింది. "నన్ను కొట్టినావు, పడినా. దాని మీదికి కూడా చెయ్యి లేస్తే నేను ఈడ ఉండను. నీకేం రోగమో నాకు తెలీదు. అది పోయేదాకా మా కాడికి రావొద్దు."

బిడ్డను ఎత్తుకుని రాయచోటికి పాయె. నేను పోలే. అల్లుని గడప ముందర తల వంచేవాణ్ణి కాదు. ఒక్కణ్ణే వండుకుని తింటాంటి. వండేది సగం, మాడ్చేది సగం.

ఒక ఆదివారం డాక్టరమ్మ గోడ కాడికి వచ్చింది. "మామా, చాప ఖాళీగుండాది."

"నాకేమన్నా పిచ్చా?"

"పిచ్చోళ్లు ఈడికి రారు మామా. మొండోళ్లు వస్తారు."

"వస్తే మా ఇంటామెను తెప్పిస్తావా?"

"తెప్పీను. ఫోను కూడా చేయను. వచ్చేదీ రానిదీ అత్త ఇష్టం. నీ చెయ్యి నీ మాట వినల్ల అనుకుంటే రా."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కోపంతోనే పోయినా.

ఆమెకు ఒక అలవాటు. మొదలుపెట్టే ముందు కుడిచేతి గాజులు ఒకటొకటే తీసి కిటికీలో వరుసగా పెట్టేది, సద్దు కాకూడదని. ఒక చెంబుతో నీళ్లు పెట్టేది. తలుపు మూస్తే కూర్చోనని నేనంటే, నేను వచ్చినప్పుడంతా తలుపు సగం తెరిచే పెట్టింది. మొదటి నాలుగు వారాలు వేళ్లు ఎత్తనే లేదు. ఊరికే అడిగేది, వినేది. "నీకు ఊపిరి బాగా ఆడే తావు ఒకటి చెప్పు" అనింది. అట్లాంటి తావు లేదన్నా. ఇంకా అడిగితే, పాలిషు అయిన రాయి మీద నీళ్లు పోసి అరచెయ్యి ఆనిస్తే తగిలే చల్లదనం చెప్పినా. "చాలు. గాబరా అయితే ఆడికి వచ్చేయి" అనింది.

ఐదో వారం, బువ్వ కట్టడి ఎనకున్న సంగతి చెప్పినా. మీకూ చెప్తా, ఒకేసారి.

నాకు తొమ్మిదేండ్లు. గనిలో పైపొర పగలగొట్టేదానికి మందు పెట్టి పేలుస్తారు. మందు పెట్టేది మా నాయన. వత్తి అంటించే ముందు నేను కట్టెకు ఎర్రగుడ్డ కట్టుకుని బండిదారిలో నిలబడల్ల, వచ్చేవాళ్లను ఆపల్ల. ఆ పొద్దు మా అమ్మ సద్ది తీసుకుని బండిదారిన రాలే. వేస్టు రాళ్ల గుట్ట ఎనక కాలిబాట ఉండాది, ఆ బాటన వచ్చింది. నేను దారి దిక్కు చూడల్ల. చూడలే. రాయి ఎగిరేది చూడాలని గని దిక్కు తిరిగినా. పేలింది. ఎగిరిన రాయి గుట్ట దాటి పడింది. తక్కింది రాయను.

మా నాయన అడిగితే "గుడ్డ ఊపినా, అమ్మే చూసుకోలే" అని చెప్పినా. అబద్ధం. అరవై ఏండ్లు అబద్ధం అట్లే ఉండాది.

డాక్టరమ్మ అయ్యో అనలే. "తలుచుకుంటే ఎంత కష్టంగా ఉండాది? సున్నా నుంచి పది లోపల చెప్పు."

"నీ పది చాలదమ్మా."

"సరే. నీ గురించి నీకు ఏ మాట వస్తాది?"

"నేనే చంపినా."

"ఆ మాటనూ ఆ బొమ్మనూ పట్టుకుని నా వేళ్లు చూడు."

వేళ్లు కదిలినాయి. నా కండ్లు పోయినాయి. ఒక విడత కాంగానే ఆపి "ఊపిరి తీసుకో. ఇప్పుడు ఏముండాది?" అంటాది. పొగ ఉండాది అన్నా. "దాంతోనే పో." మళ్లా వేళ్లు. ఇప్పుడు? కట్టె ఉండాది. గుడ్డ కట్టిన కట్టె. నా కంటే పొడుగు. "దాంతోనే పో." ఇప్పుడు? గుట్ట. ఇంకేం లేదు, గుట్టే. మళ్లా వేళ్లు. వీపంతా చెమట.

అప్పుడు తెలిసింది. గుట్ట నా తల కంటే ఎత్తు. నేను దారి దిక్కే చూస్తా నిలబడినా కాలిబాట కనబడదు. మా అమ్మకు నేనూ కనబడను. గని దిక్కు తిరిగింది నిజమే. తిరగకపోయినా జరిగేది అదే.

"ఇప్పుడు ఏముండాది మామా?"

"నన్ను ఆడ నిలబెట్టింది మా నాయన" అన్నా. అనేసినాక నా మాట నాకే వినబడింది. లేసి నీళ్ల చెంబును కాలితో తన్నినా. "మా నాయన మీదికి తెస్తావా? గోడ పక్కన పెరిగిన బిడ్డవని వస్తే, సచ్చినోని మీద నేరం మోపిస్తావా?"

ఆమె కూర్చున్న చోటు నుంచి కదల్లే. వెనక్కి జరగను కూడా లేదు. "నేనేం తేలే మామా. నువ్వు చూసింది నువ్వు చెప్పినావు. ఈ అదురుతో బయటికి పోవద్దు. చల్లరాయి మీద చెయ్యి పెట్టుకో, తర్వాత పో" అనింది. నిలబడే చెయ్యి పెట్టుకున్నా, మనసులో. కొంచెం దిగినాక పోయినా. నీళ్లు ఆమే తుడుచుకుంది.

మూడు వారాలు పోలే. ఆమె పిలవలే. నాలుగో వారం వాళ్లమ్మ గోడ కాడ చెప్పింది. "నువ్వొచ్చే గంటకు పాప ఎవరినీ కూర్చోనీదన్నా. చాప ఏసుకుని ఊరికే ఉంటాది." ఇంక పోకుండా ఎట్లుంటా.

పోతే, ఆమె అన్న మాట నేను మరిచేది లేదు. "నేరం మోస్తా నిలబడి నువ్వు ఇప్పుడు దిగిన తావులో మీ నాయనను నిలబెట్టే పని లేదు మామా. ఆ తావు ఖాళీగా ఉండనీ."

అప్పటి నుంచి ఎడమచేత్తో వేళ్లు ఆడించేది. అది కూడా వైద్యంలో ఒక పద్ధతేమో అనుకున్నా. ఇరవై సార్లు ఆడించి ఆగిపోయేది. నా నోరు ఊరికే ఉండదు గదా. "నేను పదేండ్లకే సుత్తి మోసినా. నీకు రెండు వేళ్లు మోసేదానికి చాతగాలేదా?" అన్నా. ఆమె నవ్వింది. "చదువుకున్న చేతులు మామా, ఇంతే." తర్వాత వేళ్లు మానేసి, "కండ్లు మూసుకుని నీ మోకాళ్లు నువ్వే తట్టుకో. ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క. తోలేది ఎప్పుడూ నువ్వే, నేను పక్క సీటు మనిషిని" అనింది.

ఆమె పోయే ముందరి ఆదివారం మళ్లా అడిగింది, పదికి ఎంత అని. మూడు అన్నా. "ఆ మూడు ఏంది?" అంటే, "అది మా అమ్మ. అదుండనీ" అన్నా. "ఉండనీ" అనింది. కండ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇంకొకటి ఉండాది మామా. బువ్వ తెచ్చే మనిషి ఎనక నుంచి వస్తే నీ చెయ్యి ఏం చేస్తాదో, దాన్ని వచ్చే వారం చూద్దాం."

ఆ వారమే లేకపాయె.

మట్టికి ముందు వాళ్లమ్మ నన్ను పిలిచి చెప్పింది. "రెండేండ్ల కిందట రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను అయిందన్నా. అప్పటి నుంచి కుడిచెయ్యి వాస్తాండె, ఈ మధ్య రోగం మళ్లా తిరగబెట్టె. ఎవరికీ చెప్పొద్దనింది." రెండు వేళ్లు మోసేదానికి చాతగాలేదా అని నేనన్న మాట ఈ తల్లికి తెలుసో లేదో. తల వంచుకుని నిలబడినా. నేను తల వంచింది చూసినోళ్లు ఊర్లో తక్కువ. గోరీల కాడ వాళ్ల తమ్ముడు పక్కకు జరిగి నాకు తావిచ్చినాడు. మూడు పిడికిళ్లు మట్టి ఏసినా. ఆమె నవాబులింటి బిడ్డ కాదు, ఊరు మొత్తం రాలే. కానీ వచ్చినోళ్లలో శానామంది ఎవరితో ఎవరూ మాట్లాడకుండా నిలబడుండారు. వాళ్లంతా ఆ చాప మీద కూర్చున్నోళ్లే అని నాకనిపించింది.

తిరిగొచ్చేసరికి వాళ్లింటి ముందర ఆడోళ్లలో మా ఇంటామె కనబడింది. కబురు వినంగానే రాయచోటిలో బయలుదేరి వచ్చిందంట. ఏడు నెలలకు చూసినా. బక్కపడింది. కాసేపటికి సంచి పట్టుకుని బయటికి వచ్చింది. మా ఇంటి తలుపు ఇరవై అడుగుల్లో ఉండాది. అటు చూడలే.

"నేను ఇంటికి రాలే" అనింది.

"తెలుసు."

"బిడ్డ అడుగుతాంది, తాత నన్నెందుకు తోసినాడు అని. నాకు తెలీదని చెప్తాండా. నువ్వొచ్చి చెప్పు."

"ఏడేండ్ల దానికి ఏం చెప్పల్ల?"

"నువ్వు చాప మీద కూర్చుంటాండావని వాళ్లమ్మ చెప్పింది. ఆడేం చెప్పినావో అదే చెప్పు. నాకూ తెలీదు గదా."

నలభై ఏండ్లకు అడిగింది. "పని సగమే అయింది. చెయ్యి మళ్లా లేస్తే?" అన్నా.

"నేను నడమ కూర్చుంటా" అనింది.

బస్టాండుకు పోయే ఆటో వచ్చి ఆగింది. ఆమె ఎక్కి, సంచి పక్క సీట్లో పెట్టుకుంది. నేను రోడ్డు మీద నిలబడుండా. గోరీల మట్టి గోర్లలో ఇంకా పోలే. చెప్పులు విడిచింది యాడనో కూడా గుర్తుకు రాలే.

"అవ్వా, పెద్దాయన వస్తాడా?" అన్నాడు ఆటో పిల్లోడు.

ఆమె ముందరికే చూస్తాండాది. పక్క సీట్లోని సంచి తీసి ఒడిలో పెట్టుకుంది. అది ఆనిన మేర దుమ్ము తుడుచుకుపోయి, సీటు నల్లగా కనబడతాండాది.