పంటితో విన్న ఇంజను

మా ఇంట్లో చెక్క గరిటెలు నిలవవు. కొత్తది కొని తెచ్చి, చిక్కుడు గింజల పులుసు నాలుగు సార్లు కలిపానో లేదో, అది మాయమైపోతుంది. ఎత్తుకెళ్ళేది దొంగ కాదు, మా ఆయన రీజోస్. గరిటె కాడ చెవికి ఆనించుకుని, గుండ్రటి కొస ఇంజను మీద పెట్టి, కళ్ళు మూసుకుని వింటాడు. మెకానిక్కులందరూ స్క్రూడ్రైవరు పెట్టుకుని వింటారు కదా, నీకేమొచ్చింది అంటే, "ఇనుము అరుస్తుందే, చెక్క మాట్లాడుతుంది" అంటాడు. మాట్లాడితే మాట్లాడింది, పులుసులో పెట్రోలు వాసన వస్తే తినాల్సింది నేనే కదా!

గ్రీసులో మా వోలోస్ రేవు దాటాక, పడవలకు రంగులు వేసేచోట ఆయన షెడ్డు. చిన్న మోటారు సైకిళ్ళే ఆయన పని. మా దగ్గర వాటిని బాతుపిల్లలంటారు. కంపెనీ ఇచ్చిన బాతుపిల్లతో తృప్తిపడే మనిషి మా ఊళ్ళో పుట్టలేదు. సిలిండరు పెద్దది చేయిస్తారు, పెద్ద కార్బురేటరు బిగిస్తారు, గాలి వడకట్టే డబ్బా పీకి అవతల పారేస్తారు. ఇంత చేశాక బండి క్షయరోగిలా దగ్గుతుంది. అప్పుడు గుర్తొస్తాడు రీజోస్.

ఇంజనులోకి గాలీ పెట్రోలూ తగిన పాళ్ళలో పోవాలి. ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసి ఈమాత్రం తెలియకపోతే సిగ్గుచేటు. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ, మొద్దు నడక. గాలి ఎక్కువైతే ఇంకా ప్రమాదం. మొదట హుషారుగా ఉరుకుతుంది, తర్వాత లోపల వేడెక్కి పిస్టను కదలకుండా పట్టేస్తుంది. మలుపులో పిస్టను పట్టేసిందా, వెనక చక్రం బిగుసుకుపోతుంది, మీదున్న మనిషి ఏ రాయి మీద పడతాడో దేవుడికే ఎరుక. కార్బురేటరులో జెట్ అని వేలిగోరంత ఇత్తడి మర ఉంటుంది. దాని కన్నం ఎంతో, పోయే పెట్రోలు అంత. రీజోస్ విని, ఒక జెట్ తీసి ఇంకోటి వేసి, మళ్ళీ విని, "ఆఁ, ఇప్పుడు సరిగ్గా మాట్లాడుతోంది" అంటాడు. ఆ మాట అన్నాక బండి ఎవరినీ పడేయలేదు.

జులైలో ఏలియా ప్రవక్త పండగ. నిప్పు రథం మీద ఆకాశానికి పోయిన ప్రవక్త కదా, ఆయన చర్చి కొండ కొసన ఉంటుంది. ఆ రోజు మా బాతుపిల్లలు సముద్రపు ఒడ్డు నుంచి ఒక్కొక్కటిగా కొండెక్కుతాయి. పైకి చేరినవాళ్ళు చర్చి గంట కొడతారు, కిందున్న మేం చప్పట్లు కొడతాం. అంతే, బహుమతీ గిహుమతీ లేదు. కాని అందులో ఒక చిక్కుంది. సముద్రం దగ్గర గాలి చిక్కగా, పైన పలచగా ఉంటుంది. కింద సరిగ్గా కుదిరిన బండి పైకి పోయేసరికి పెట్రోలు ఎక్కువై మూలుగుతుంది. అందుకని కిందే పెట్రోలు ఒక పిసరు తగ్గించి పెట్టాలి. ఆ పిసరు కాస్త ఎక్కువ తగ్గితే పిస్టను పట్టేస్తుంది. ఎంత తగ్గించాలో రీజోస్ చెవికి తెలుసు, మరెవరికీ తెలియదు.

ఈ వేసవిలో షెడ్డు నుంచి తెచ్చుకున్న గరిటె కడుగుతుంటే కాడ మీద పంటి గాట్లు కనిపించాయి. ఎలుకేమో అనుకున్నాను. ఎలుకకి ముందు పన్ను ఊడి ఉండదు కదా. గాట్ల మధ్య ఉన్న ఖాళీ మా ఆయన నోట్లోదే.

మర్నాడు చెప్పకుండా షెడ్డుకి వెళ్ళాను. ఇంజను ఆడుతోంది, ఆయన గరిటె కాడ పళ్ళ మధ్య బిగించి కూర్చున్నాడు. ఇంజను ఆపేదాకా ఆగి, వెనక నుంచి, "ఏవయ్యా, కాఫీ తెచ్చాను" అన్నాను. పలకలేదు. గట్టిగా అన్నాను. పలకలేదు. చెవులు పోతున్నాయి ఈయనకి. పళ్ళలోంచి ఎముకలోకి పాకే చప్పుడు పట్టుకుని బతుకు నెట్టుకొస్తున్నాడు. కాఫీ బల్ల మీద పెట్టేసి వచ్చాను. ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈసారి కొండెక్కేది మా వంగెలియో. మా అక్క కూతురు, అక్క చచ్చిపోయాక మా చేతుల మీదే పెరిగింది. పగలు రొట్టెల బట్టీలో పని, మిగతా టైమంతా బండి. పండగ ముందు రీజోస్ అంజూరపు పండు ఒలుస్తూ నాతో అన్నాడు: "దాని బండి గొంతు ఈసారి నాకు తెలియకపోతే, పిల్లని ఎక్కనివ్వను. షెడ్డు కూడా ఇక తెరవను."

"ఎందుకు తెలియదట?"

"వయసు" అన్నాడు.

వయసట! అంజూరపు తొక్కలు ఎత్తి బయట పారేసి వచ్చాను.

పండగ పొద్దున ఒడ్డున బళ్ళన్నీ వరసగా నిలబడ్డాయి. రీజోస్ అందరి ఎదుటా గరిటె చెవికి పెట్టుకున్నట్టు పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు చటుక్కున కొరికి విన్నాడు. "సరిగ్గా మాట్లాడుతోంది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పెట్రోలు పోయడానికి ట్యాంకు మూత తీశాడు. అంతలో లాంబ్రోస్ ఫాదర్ పవిత్ర జలం పట్టుకుని దిగాడు. తులసి కట్ట గిన్నెలో ముంచి ప్రతి బండి మీదా చల్లుతాడు. ఆయన చెయ్యి పెద్దది, చల్లాడంటే వాన కురిసినట్టే. ఎదురుగా ఫాదర్ ఉంటే తల వంచాలి కదా, రీజోస్ పెట్రోలు డబ్బా పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఫాదర్, ఇది మా పిల్ల బండి. దీనికి ఇంకాస్త" అని బతిమాలాడు కూడా.

"ఇంకాస్త ఏమిటి, తనివితీరా తీసుకో!" అని ఫాదర్ కట్టంతా దులిపాడు.

రీజోస్ పెట్రోలు పోసి మూత బిగించాక, వంగెలియో ఒడ్డు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి వచ్చింది. మొహం మాడిపోయి ఉంది. "బాబాయ్, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పితే దగ్గుతోంది."

రీజోస్ పెద్ద కన్నమున్న జెట్ వేశాడు. పొగ వచ్చింది, దగ్గు పోలేదు. మళ్ళీ పాతదే వేశాడు. దగ్గు. చుట్టూ జనం మూగారు. కాఫీ కొట్టు థీమియోస్, చిన్నప్పటి నుంచీ ఈయన్ని ఏడిపించడమే పనిగా పెట్టుకున్నవాడు, "ఒరేయ్ రీజోస్, ఇంజనుకి దగ్గు మందు పోశావా ఏంట్రా?" అన్నాడు. అందరూ నవ్వారు.

అప్పుడు మా ఆయన దాచుకోవడం మానేశాడు. అందరూ చూస్తుండగా గరిటె కాడ పళ్ళతో కరిచి, ఇంజను మీద ఆనించి కూర్చున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. థీమియోస్ చూపు తిప్పుకున్నాడు.

చాలాసేపటికి లేచాడు. "నాకు సరిగ్గానే ఉన్నట్టుంది. కాని దగ్గుతోంది. అంటే నేనే సరిగ్గా లేను. దిగమ్మా. నువ్వు వెళ్ళొద్దు" అని చేతులు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది.

"ఇలా తే ఆ గరిటె!" అని లాక్కుని నేనూ కొరికాను.

"పిన్నీ, నీకేం తెలుసు?" అంది వంగెలియో.

"నోర్ముయ్, తిప్పు!"

ఆ పిల్ల తిప్పింది. దవడంతా అదిరిపోయింది. ఇంట్లో అన్నానికి కూర్చున్నా, నిద్రకి పడుకున్నా ఈ చప్పుడే కదా ఇన్నేళ్ళూ నా చెవుల్లో. చప్పుడు బాగుంది, నున్నగా ఉంది. ఉండి ఉండి ఒక ఎక్కిలి.

"చప్పుడు నువ్వన్నట్టే ఉందయ్యా. గొంతులో ఏదో అడ్డం పడుతోంది, అంతే. ఏం పోశావు దీంట్లో?"

"పెట్రోలే."

"నువ్వు పోసింది పెట్రోలు. ఫాదర్ పోసింది?"

రీజోస్ నా పెదాల వంక చూశాడు, తర్వాత ట్యాంకు వంక, తర్వాత దూరంగా తులసి కట్టతో నిలబడ్డ ఫాదర్ వంక. థీమియోస్ పరుగున వెళ్ళి గాజు గ్లాసు తెచ్చాడు. కార్బురేటరు అడుగు మర విప్పి అందులో ఉన్నదంతా గ్లాసులోకి దించారు. పైన పెట్రోలు, అడుగున నీటి బొట్లు, ముత్యాల్లా గుండ్రంగా.

"ఒరేయ్, నీ చెవి తప్పలేదురా, భక్తి ఎక్కువైంది!" అని థీమియోస్ మా ఆయన్ని వాటేసుకున్నాడు. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టి, కొత్త పెట్రోలు పోశారు. పవిత్ర జలాన్ని జనం తొక్కేచోట పారబోయడానికి ఫాదర్ ఒప్పుకోలేదు. ఆ గ్లాసు ఇప్పటికీ థీమియోస్ కొట్టు గూట్లోనే ఉంది.

అంతా అయ్యాక కూడా రీజోస్ బండి హ్యాండిలు వదల్లేదు. "వంగెలియో, చూశావుగా. నేను దేంతో వింటున్నానో."

"నువ్వు పళ్ళతో వింటావో మోకాళ్ళతో వింటావో నాకెందుకు బాబాయ్? ఇంజను సరేనా, కాదా?"

ఆయన ఇంకోసారి గరిటె కరిచాడు. "సరే."

"అయితే పక్కకి జరుగు."

వెళ్ళిపోయింది. ఆలివ్ తోటల్లోంచి చప్పుడు పైకి పోతోంది, మలుపు వెనక్కి పోయి సన్నబడుతోంది, మళ్ళీ తేలుతోంది. అందరూ కొండ వైపు చూస్తున్నారు. మా ఆయన మాత్రం చప్పుడు ఎలా ఉందోనని మా మొహాలు చూస్తున్నాడు. అది చూసి నేను తట్టుకోలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని, బండి గేరు మారినప్పుడల్లా అరచేతిని ఒకసారి నొక్కాను. నల్ల గ్రీజు నా చేతికంతా అంటుకుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పైన గంట మోగింది. జనం కేకలు వేశారు.

"మోగిందా?" అన్నాడు.

"మోగింది. నీకు వినబడలేదూ?"

ఎప్పుడూ అనేమాట అంటాడని చూశాను: ఎందుకు వినబడదు అని.

"లేదు అర్గీరో. వినబడలేదు. ఎలా మోగింది?"

"తాడు తెంపేసేలా లాగింది, మొండి పిల్ల."

"దారిలో ఎక్కడైనా దగ్గిందా?"

"ఒక్కచోట కూడా లేదు."

తల ఊపాడు. నా చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"రేపు షెడ్డు తెరుస్తావా?" అన్నాను, గట్టిగా, ఆయన మొహానికి ఎదురుగా నిలబడి.

"నువ్వు వస్తే తెరుస్తాను. ఆనించి వినేది నేను వింటాను. రోడ్డు మీద పోయే బండిని వినడానికి నువ్వు కావాలి."

వస్తానన్నాను. గరిటెలు మాత్రం ఇకమీదట ఆయనే కొనుక్కోవాలని కూడా చెప్పాను.