సందేహం దొరగారు

మనుషుల చేత దేవుణ్ణి నమ్మించడానికి సముద్రాలు దాటి వచ్చిన హోల్మ్ దొరగారు తాము మాత్రం దేన్నీ నమ్మేవారు కారు. దేవుణ్ణి నమ్మేవారు; అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. దేవుడి తరువాత నమ్మదగినది ఈ భూమి మీద ఆయనకు ఏదీ కనబడలేదు. పాలను నమ్మరు, పడవను నమ్మరు, తమ జేబులోని గడియారాన్ని కూడా నమ్మరు; అందుకే రెండో జేబులో ఇంకో గడియారం ఉండేది. రెండూ ఒకే వేళ చూపిస్తే, రెండూ కలిసి కుట్ర పన్నాయేమోనని గోడ గడియారం దగ్గరకు వెళ్ళేవారు.

రాజమహేంద్రవరంలో ఒక వృద్ధ పండితుల వద్ద ఆయన రెండేళ్ళు తెలుగు చదువుకున్నారు. గ్రంథాల భాష పండితులు నేర్పారు. 'అండి' మాత్రం పడవవాళ్ళు నేర్పారు. ఆ రెండు విద్యలూ కలిసి ఆయన నోట ఒకే వాక్యంగా స్థిరపడ్డాయి: "నాకు సందేహముగా నున్నదండి." పెనుగొండకు రెండు కోసుల దూరాన, కాలువ గట్టు మీద ఉండేది మా మిషను బంగళా. ఆ చుట్టుపక్కల హోల్మ్ అన్న పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. సందేహం దొరగారంటే మాత్రం పసిపిల్లలు కూడా దారి చూపేవారు. మా నాన్నగారు ఏసుపాదం మాస్టారు ఆ మిషను బడిలో ఉపాధ్యాయులు కావడం చేత నేను ఆ సందేహాల మధ్యనే పెరిగాను.

పాలలో నీళ్ళు కలుస్తున్నాయని మొదట ఆయనకు సందేహం. పాలు పోసే వీరమ్మ ఇంటి దగ్గర పితికి తేవడం మానేసి గేదెనే తోలుకొచ్చి, వరండా ముందు కట్టి, ఆయన కళ్ళెదుట పితకడం మొదలుపెట్టింది. పితికే ముందు చెంబు బోర్లించి చూపమనేవారు. బోర్లించేది. ఒకనాడు ఆయన గేదెనే నఖశిఖపర్యంతం పరిశీలించారు.

"ఇది నిన్నటి గేదెయేనా అండి?"

"నిన్నటిదేనండి బాబూ."

"సాక్ష్యమేమండి?"

"గేదెకి సాక్ష్యం ఎవరు సెప్తారండి? దాన్నే అడగండి!"

ఆయన నిజంగానే ఒక అడుగు ముందుకు వేసి గేదె ముఖంలోకి చూశారు. గేదె కూడా ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో సందేహం ఎవరిది ఎక్కువో చెప్పడం కష్టం.

మిషను పడవ నడిపే సత్తియ్యకు ఈ బాధ నిత్యకృత్యం. ఒకసారి తణుకు వైపు వెళుతూ పడవ నాచులో చిక్కుకుంది. దొరగారు గట్టుకు దిగుతామన్నారు.

"ఇక్కడ దిగకండి బాబూ. నిలువు లోతుంటాది."

"అవతల మనుష్యుడు మోకాలి లోతున నిలుచున్నాడండి."

"ఆడు గట్టు మీద కూసున్నాడండి! కాళ్ళే నీళ్ళలో ఉన్నాయండి!"

"నాకు సందేహముగా నున్నదండి" అంటూ దొరగారు దిగారు. వారి టోపీ మాత్రం నీటి మీద మిగిలింది. సత్తియ్య ఆయన జుట్టు పట్టుకుని పైకి లాగితే, నోట్లోని నీళ్ళు ఉమ్మేసి ఆయన పలికిన మొదటి మాట: "నీవు చెప్పినది సత్యమని ఇప్పుడు రుజువైనదండి."

దొరసానిగారికి ఇదంతా అలవాటైపోయింది. భోజనానికి పిలిచి, ఆయన గడియారాలు చూసుకుని వచ్చేలోపల ఒక మేజోడుకు కుట్టు పూర్తి చేసేవారు. ఆదివారం ప్రసంగం మధ్యలో ఆయన ఏ వాక్యమో చెప్పి, హఠాత్తుగా ఆగి, అది గ్రంథంలో నిజంగా ఉందో లేదోనని పుటలు తిరగవేసేవారు. ఆ వ్యవధిలో సంఘస్థులు ఒక కునుకు తీసేవారు.

ఇంతవరకు నవ్వుకున్నాం. నవ్వలేని సందేహం ఒకటుంది. దాన్ని నేను రాజమహేంద్రవరం నుంచి తిరిగి వచ్చిన తరువాత గమనించాను. అక్కడ మా నాన్నగారి స్నేహితులు, ప్లీడరు జగన్నాథరావు గారి ఇంట్లో నాలుగేళ్ళు ఉండి, ఆయన న్యాయశాస్త్ర గ్రంథాలన్నీ ఆయన చేతనే చెప్పించుకున్నాను. ఆడపిల్లకు ప్లీడరీ చెయ్యడానికి సన్నదు ఇవ్వరు. పుస్తకాలు మాత్రం చదివేది ఎవరని అడగవు. అన్యాయం ఎక్కడ కనబడుతుందా అని ఎదురుచూస్తూ పడవ దిగాను. బాప్తిస్మాల దగ్గర కనబడింది.

ఇతర దొరలు ఒక్క ఆదివారం నలభై మందికి బాప్తిస్మం ఇచ్చి స్వదేశానికి ఉత్తరాలు వ్రాసేవారు. మా దొరగారు గడచిన మూడేళ్ళలో ఒక్కరికీ ఇవ్వలేదు. ఊరి చివర పేటలో పదకొండు ఇళ్ళవారు ఎదురుచూస్తున్నారు. వారిలో మొదటివాడు చిట్టియ్య. కామందు అచ్చిబాబు గారి దగ్గర పాలేరు. పది ఆజ్ఞలూ మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ చెప్పగలడు. అతని భార్య వీరవేణి కీర్తన ఎత్తుకుంటే మిగతావారు నోరు మూసుకుని వినేవారు. అయినా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకు అందరూ వెళుతుంటే ఆ ఇద్దరూ గుమ్మం పక్క చాప మీదనే కూర్చోవాలి. బాప్తిస్మం లేనివారికి బల్ల లేదు.

బాప్తిస్మానికి తగుదురో లేదోనని దొరగారు చేసే పరీక్షల్లో, వారి అయిదోదానికి నేను స్వయంగా హాజరయ్యాను.

"చిట్టియ్యా, నీ గుడిసెకు కప్పినది తాటాకా, వరిగడ్డియా అండి?"

"తాటాకండి."

"ఆ తాటిచెట్లు ఎవరివండి?"

"అచ్చిబాబు గారియ్యండి."

"గుంజలు?"

"ఆరియ్యేనండి."

"గుడిసె క్రింది నేల?"

"అదీ ఆరిదేనండి. మేం మాత్తరమే మా సొంతమండి."

దొరగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నాకు సందేహముగా నున్నదండి. వచ్చే నెల చూతము."

బయటకు వచ్చాక వీరవేణి నా చెయ్యి పట్టుకుంది. "సూడండి అమ్మాయిగారూ, పాపాలడుగుతారేమోనని మూడేళ్ళనించీ గుర్తెట్టుకుని మరీ వచ్చామండి. ఒక్కటీ అడగలేదు. తాటాకులడిగారు! దేవుడి రాజ్జెంలోకి గుడిసె కూడా వస్తాదాండీ?"

ఆ తాటాకులు నాలో ఒక అనుమానం రేపాయి. సత్తియ్యను పిలిచి విచారించాను.

"దొరగారు అచ్చిబాబు గారింటికి తరచు వెళ్ళేవారని విన్నాను. నిజమేనా?"

"ఆయ్, నేను తీసికెళ్ళిందే పదిహేడు సార్లండి."

"అక్కడ ఏం చేసేవారు?"

"బొండాలు తాగేవోరండి."

"ఎన్ని?"

"తాగేది ఒకటేనండి. నీళ్ళున్నాయో లేదోనని ఊపి సూసేది డజనండి."

పాలేర్లు కిరస్తానీలైతే అచ్చిబాబు గారికి గిట్టదని లోకానికంతా తెలుసు. అచ్చిబాబు గారి అరుగు మీద బొండాలు, పాలేర్లకు మిషను గుమ్మం పక్క చాప! ఈ రెంటినీ కలిపి చదివితే అర్థం ఏమిటి? కామందు గారి మాట మీద దొరగారు బాప్తిస్మాలు ఆపుతున్నారు. నాకు ఆ క్షణాన లేశమంత సందేహం కలగలేదు. చివరి సాక్షిగా దొరసానిగారిని అడిగాను.

"ఆయన అక్కడికి ఎందుకు వెళ్ళేవారండి?"

"నేనూ అడిగాను" అన్నారావిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. "చెబితే నేను నమ్మనేమో అని వారికి సందేహం."

రాజమహేంద్రవరంలోని మిషను పెద్దలకు ఏడు ఆరోపణలతో ఒక అర్జీ సిద్ధం చేశాను. ముద్దాయి మాట వినకుండా శిక్ష కోరరాదన్నది ధర్మం. కాబట్టి దాని నకలు తీసుకుని బంగళాకు వెళ్ళాను. దొరగారు వరండాలో కూర్చుని రెండుసార్లు చదివారు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి కూడా చూశారు.

"మూడవ ఆరోపణకు సాక్ష్యము చాలదండి, సంపూర్ణమ్మగారూ."

"నాలుగోదో?"

"అది మిక్కిలి బలముగా నున్నదండి."

నాకు ఓర్పు తప్పింది. "దొరగారూ, కామందుకు భయపడవలసిన పని లేదండి! మతం మార్చుకున్నంత మాత్రాన మనిషి ఆస్తి మీద హక్కు పోదని 1850లోనే చట్టం చేశారు. అది మీరు చదివారా?"

"చదివితినండి. ఆస్తి కలవానిని ఆ చట్టము రక్షించునండి. ఆస్తి లేనివానిని గూర్చి అందులో ఎచట నున్నదో నాకు కనబడలేదు. మీకు కనబడినదా అండి?"

నేను ఆ చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా మనసులో తిరగవేసుకున్నాను. నాకూ కనబడలేదు.

"మొదటి సంవత్సరమున నేను అన్నియు నమ్మితినండి" అన్నారాయన. "ఒక ఆదివారము ఆరు ఇండ్లవారికి బాప్తిస్మమిచ్చి స్వదేశమునకు సంతోషముగా జాబు వ్రాసితిని. సోమవారము ఉదయమున అచ్చిబాబు గారి మనుష్యుడు వచ్చి, తన యజమాని నేల మీద నుండి లెమ్మని వారితో చెప్పెను. జోరు వానలో వారు పిల్లలతో, కుండలతో ఈ వరండాకు వచ్చిరి. పిదప వారిని మీ తండ్రిగారి బడిలో మూడు నెలలుంచితిమండి."

ఆ మూడు నెలలు నాకు గుర్తున్నాయి. బడికి సెలవులిచ్చారని గంతులు వేసిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని.

దొరగారు లోపలికి వెళ్ళి ఒక రేకు పెట్టె తెచ్చారు. అందులో కాలువ పక్క సర్కారు పోరంబోకు నేలలో పదకొండు ఇళ్ళ స్థలాలకు పెట్టిన దరఖాస్తుల రెండో ప్రతులు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క కుటుంబం పేర. మొదటిది చిట్టియ్యది. వాటి కింద, పక్క పొలం ఆసామీగా తనకు అభ్యంతరం లేదంటూ అచ్చిబాబు గారి సంతకం.

"ఇది ఆయన ఎలా ఇచ్చారండి!"

"బలవంతము చేయలేదండి. హద్దురాళ్ళ విషయమై కొన్ని సందేహములు అడిగితిని."

మిగతా కథ సత్తియ్య చెప్పాడు. పదిహేడు సార్లూ ఇదే హద్దురాయి. అది నిరుటి రాయేనా అని. రాయి అదే అయితే చోటు అదేనా అని. పదిహేడో నాడు అచ్చిబాబు గారు బొండాం విసిరికొట్టి, "కలం ఇలా తేరా! దొరగారూ, సంతకం పెట్టేస్తాను. మీరు మాత్రం మళ్ళీ నా అరుగెక్కనని మాటివ్వాలండి!" అని అరిచారట. సంతకం పెట్టాక దొరగారు కాగితం చూసి, "ఇది తమరి సంతకమేనా అండి?" అన్నారట. అచ్చిబాబు గారు పక్కన ఇంకో సంతకం పెట్టారు. నేను చూశాను, రెండు ఉన్నాయి.

"మరి వాళ్ళతో ఒక్క మాట చెప్పకూడదా అండి? వీరవేణి ఎంత కుమిలిపోతోందో తెలుసా?"

"చెప్పినచో ఆశ పెట్టుకొందురండి. పట్టాలు వచ్చునో రావో నాకు సందేహము. దరఖాస్తులు పోయి పదునాలుగు మాసములైనది. కలెక్టరు కచేరీలో అవి నిద్రించుచున్నవి." ఆయన నా అర్జీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "కలెక్టరుగారికి కూడ ఇంత కోపముతో వ్రాయగలరా అండి?"

వ్రాశాను. కష్టపడవలసిన అవసరం కూడా లేకపోయింది. ఆలస్యం, అలక్ష్యం, బీదవారి మొర వినకపోవడం: ఆరోపణలన్నీ అలాగే ఉంచి ముద్దాయిని మార్చాను. సాక్ష్యం చాలదన్న మూడోది మాత్రం కొట్టివేశాను. ఆరు వారాలలో గొలుసు పట్టుకుని కొలతల వాళ్ళు దిగారు. పట్టాలు చేతికి వచ్చిన రోజున చిట్టియ్య తన కాగితాన్ని నా చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. వీరవేణి దాన్ని పట్టుకుని దొరగారి ముందుకు వెళ్ళి నిలబడింది. "తాటాకులడిగింది ఇందుకాండీ?" అంది.

దొరగారు కళ్ళజోడు తుడుచుకోవడానికి అవతలికి వెళ్ళారు.

ఆ ఆదివారం పదకొండు ఇళ్ళవారికీ బాప్తిస్మం జరిగింది. ఆనాడు వీరవేణి చాప మీద నుంచి లేచి అందరితో పాటు బల్ల దగ్గరకు వెళ్ళింది. మధ్యాహ్నమే అందరూ కుండలూ బుట్టలూ ఎత్తుకుని కాలువ గట్టుకు వచ్చేశారు. అచ్చిబాబు గారి తాటాకు, అచ్చిబాబు గారి గుంజలు ముట్టుకోలేదు. సోమవారం పొద్దున్న, వాడుక ప్రకారం ఆయన మనిషి పేటకు వచ్చి, "ఖాళీ చెయ్యండి!" అని మూడుసార్లు కేక వేశాడట. పదకొండు గుడిసెలూ ఊడ్చి, అలికి, తడకలు దగ్గరగా వేసి ఉన్నాయి. తిట్టడానికి ఒక్క మనిషైనా లేక, ఎండలో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

అప్పటికి ఇక్కడ చిట్టియ్య ఇంటికి గుంజలు పాతుతున్నారు. దొరగారు తెల్లవారేసరికే వచ్చి ఒక్కొక్క గుంజనూ పట్టుకుని ఊపుతున్నారు. మూడు నిలిచాయి. నాలుగోది ఊపితే ఊడి చేతిలోకి వచ్చింది. పైనున్న దూలం ఒరిగింది. ఆయన గబుక్కున దాని కింద భుజం పెట్టారు. సత్తియ్య, చిట్టియ్య గొయ్యి లోతు చేసి, గుంజ దింపి, మట్టి పోసి, కూరి, తొక్కి పైకి లేచారు. దొరగారు కదలలేదు.

"అయిపోయిందండి. ఇక వొదిలెయ్యండి బాబూ" అన్నాడు సత్తియ్య.

"నేను వదలినచో నిలుచునని ఎవరు చెప్పిరండి?"

"వొదిల్తేగదండీ తెలిసేది!"

ఈ వాదంలో తర్కం ఉందని ఆయనకూ తోచినట్లుంది. కళ్ళు మూసుకుని, మెల్లగా భుజం తీశారు. ఇల్లు నిలబడింది. ఆయన చేతులు దులుపుకుని, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని, ఆ గుంజను మళ్ళీ ఒకసారి ఊపి చూశారు.